ఆఖరి బంతి ఎవరి చేతికి

“...అందుకే ముందు ఆ కిటికీ మూసెయ్ అన్నాను. మూశావా? గొళ్ళెం కూడా పెట్టు. ఇప్పుడిటు చూడు. ఈ చెక్క క్లిప్పులు అయిదూ మావాళ్ళు. ఈ ప్లాస్టిక్‌వి బస్సు డిపో వాళ్ళు. ఈ సబ్బుబిళ్ళ రింగు. మనం ఒక్క పాయింటు వెనకున్నాం. గడియారంలో ఏడు సెకన్లే మిగిలాయి. బంతి మనదే, గీత బయట నుంచి లోపలికెయ్యాలి. ఎవరికి వేస్తావ్?”

“బాగా ఆడే ఆవిడకి.”

“అయిపోయింది, ఓడిపోయావ్. బాగా ఆడేదెవరో నీకే తెలిస్తే డిపో వాళ్ళకి తెలీదా? ... అవునూ, నువ్వు డిపో వాళ్ళకి చుట్టానివేం కాదు కదా?”

కాదని చెప్పినా ఆమె చూపు వెంటనే వదల్లేదు. మరక ఉందేమోనని దుప్పటిని వెతికినట్టు ఎదుటి మనిషి మొహాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికి, ఏమీ దొరక్కపోయాకే మళ్ళీ క్లిప్పుల మీదికి దిగింది.

అది పెద్దాసుపత్రి వెనకవైపు బట్టల గది. వార్డుల దుప్పట్లు, గౌన్లు, దిండు గలీబులు ఒక తలుపులోంచి మూటలుగా లోపలికొస్తాయి. ఉతుకుడూ ఇస్త్రీ అయ్యాక దొంతరలుగా ఇంకో తలుపులోంచి బయటికి పోతాయి. రెండు తలుపుల మధ్యా పొడవాటి ఇస్త్రీ బల్ల, దాని వెనక ఈవిడ. ఆమెని పేరుతో పిలిచేవాళ్ళు ఆసుపత్రిలో ఎవరూ లేరు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గరి కాపలా మనిషి దాకా అందరికీ ఆమె కోచమ్మే. పగలంతా బట్టలు, సాయంత్రమైతే ఆసుపత్రి ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టు.

చిన్నప్పుడు బళ్ళో ఆడిన ఆట. తర్వాత పెళ్ళీ, పనీ. ఒకనాడు ఆసుపత్రి పెరట్లో తుప్పుపట్టిన రింగు కింద నర్సులు బంతి పట్టుకుని పోట్లాడుకుంటుంటే, ఇస్త్రీ ఆపి వెళ్ళి, “ఒసేయ్, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తడానికి అదేమన్నా చంటిపిల్లా?” అంది. ఆ మాటతోనే కోచ్ అయిపోయింది. జీతం పెరగలేదు, కేకలు మాత్రం పెరిగాయి.

ఆటంతా ఒక ఎత్తు, చివరి నిమిషం ఒక్కటీ ఒక ఎత్తు అంటుంది ఆమె. “మూడు పాయింట్లు ముందున్నామనుకో, వాళ్ళు దూరం నుంచి మూడు కొట్టకముందే మనమే ఫౌల్ చెయ్యాలి. రెండు ఫ్రీ త్రోలు వేసుకుంటారు. వేసుకోనీ! రెండేగా వచ్చేది, మనం ఇంకా ఒకటి ముందే. అదే ఒక్క పాయింటు వెనకుంటే మాత్రం దూరం నుంచి కొట్టి హీరో అవుదామని చూడకూడదు. రింగు దగ్గరికెళ్ళాలి. సెకన్లు మిగిలుండగానే కొట్టాలి. తప్పినా ఎగిరి మళ్ళీ అందుకునే వ్యవధి ఉండాలి కదా? గంట మోగేప్పుడు కొట్టేదాన్ని షాటనరు, మొక్కుబడంటారు.”

ఇన్ని తెలిసిన మనిషికి ఒక్క జబ్బుంది. అనుమానం. తెల్లనివన్నీ పాలు కావని అందరూ అంటారు. కోచమ్మ పాలని కూడా పాలని ఒప్పుకోదు. ఆమె భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పనిమంతుడు. “నీ అనుమానానికి సరిపడే నంబరు అద్దం ఇంకా తయారవలేదే,” అంటాడు నవ్వుతూ. ఎందుకు నవ్వాడా అని ఆమె ఆ పూటంతా ఆలోచిస్తుంది.

ఆ జబ్బుకి ఈ ఏడు మంచి మేత దొరికింది. బస్సు డిపో ఆడవాళ్ళ జట్టుతో రెండుసార్లు ఆడారు. రెండుసార్లూ చివరి దాకా సమానంగా వచ్చి, చివరి బంతి దగ్గర ఓడారు. కోచమ్మ టైమవుట్ అడిగి, నోటికి తువ్వాలు అడ్డంపెట్టుకుని గుసగుసగా చెప్పిన ఎత్తు, గుసగుస చల్లారకముందే డిపో వాళ్ళకి తెలిసిపోయింది. మొదటిసారి లిఫ్టమ్మకి బంతి వెయ్యమంది. ఆసుపత్రి లిఫ్టు నడిపే మనిషి ఆవిడ, పొట్టిదైనా పాదరసం. బంతి చెయ్యి దాటకముందే ఇద్దరు డిపో పిల్లలు ఆమెని అతుక్కుపోయారు. రెండోసారి ఎత్తు మార్చింది. మార్చిన చోట కూడా ముందే కాపు కాసి ఉన్నారు.

“ఎవరో ఉప్పందిస్తున్నారు,” అంది కోచమ్మ.

ఉప్పందించే మనిషి కోసం ఆమె దూరం వెళ్ళక్కర్లేకపోయింది. డిపో జట్టు కోచ్ ఎవరో కాదు, ఆమె సొంత తోడికోడలు, మరిది పెళ్ళాం. ఒకప్పుడు ఇదే బట్టల గదిలో ఆమె చేతికింద రెండేళ్ళు పనిచేసి, తర్వాత డిపోలో టికెట్ల కౌంటరు ఉద్యోగానికి వెళ్ళింది. “దానికి ఈల ఊదడం నేర్పింది నేనే. ఇప్పుడా ఈల నా చెవిలోనే ఊదుతోంది,” అంటుంది కోచమ్మ.

ఇక ఆ రెండిళ్ళకీ మధ్య తిరిగే మనిషి ఒకతే. ఆడపడుచు. కోచమ్మ భర్తకీ మరిదికీ ఒక్కగానొక్క చెల్లెలు. ఎక్స్‌రే గదిలో పని. ఆసుపత్రి వెనక వీధిలో ఒంటిగది అద్దెకి తీసుకుని ఉంటోంది. ఆదివారం పొద్దున పెద్దొదిన ఇంట్లో భోజనం, సాయంత్రం చిన్నొదిన ఇంట్లో టీ. దానికి తోడు జట్టులో అందరికన్నా గురి ఉన్న చెయ్యి ఆమెదే.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కోచమ్మ మాత్రం పట్టి తీరతాననుకుంది.

మూడోసారి డిపోతో ఆడబోయే ముందు ఆమె రెండు అబద్ధాలు వండింది. భర్త నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి అతనికొకటి. “చివరికొస్తే బంతి లిఫ్టమ్మకే, ఎడం మూలకి. ఎవరికీ చెప్పకు,” అంది. ఆడపడుచుకి ఇంకొకటి. “చివర్లో షాట్ నువ్వే కొడతావ్, గీత దగ్గర నుంచి. కడుపులో పెట్టుకో.” అసలు ఎత్తు ఎవరికీ చెప్పలేదు. అది రింగు కింద నిచ్చెనకి బంతి వెయ్యడం. నిచ్చెనంటే పిల్లల వార్డు నర్సు, జట్టులో అందరికన్నా పొడుగు. డిపో వాళ్ళు ఎడం మూలకి పరిగెడితే దొంగ భర్త, ఆడపడుచు మీదికి పరిగెడితే దొంగ ఆడపడుచు. ఇంత తేలిక లెక్క.

చివరి టైమవుట్‌లో ఆడపడుచుని, “వెళ్ళి నీళ్ళ సీసాలు నింపుకురా,” అని డ్రమ్ము దగ్గరికి పంపేసింది. తువ్వాలు వెనకనుంచి అసలు ఎత్తు చెప్పింది. ఆట మళ్ళీ మొదలైంది. డిపో పిల్లలు ఎడం మూలకీ పోలేదు, ఆడపడుచు వంకా పోలేదు. సరాసరి నిచ్చెన మీదికే వచ్చి రెండు గోడల్లా నిలబడ్డారు. బంతి గోడకి తగిలి వాళ్ళ చేతుల్లో పడింది.

ఇంకొకరైతే ఇద్దరూ మంచివాళ్ళేనని ఊపిరి పీల్చుకుని ఉండేవాళ్ళు. కోచమ్మ అలా పీల్చుకోలేదు.

“అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నారు. నేను చెప్పిన రెండూ అబద్ధాలేనని తేల్చుకున్నారు. ఇక మిగిలింది నిచ్చెనే కదా?” అంది భర్తతో.

“మేమిద్దరం అంత తెలివైనవాళ్ళమైతే నేను ఇంకా అద్దాలు అరగదీస్తూ ఎందుకుంటానే?”

“నవ్వులాట కాదు. మిగతా జట్లన్నిటినీ ఓడించి ఫైనల్‌కొస్తే, అక్కడా మళ్ళీ డిపోయే తగిలింది. ఈసారి కూడా ఇలాగే అయితే నీ చెల్లెల్ని జట్టులోంచి తీసేస్తాను.”

“జట్టులోంచి తీసేస్తావు, సరే,” అన్నాడతను, ఈసారి నవ్వకుండా. “ఆదివారం పొద్దున కంచం ముందు నుంచి కూడా తీసేస్తావా?”

ఆ పిల్ల జడ వేసుకోవడం రాని వయసులో ఈ ఇంటికి కోడలిగా వచ్చి, ఆ జడలు అల్లింది కోచమ్మే. బంతి ఎలా పట్టాలో వేళ్ళు సర్ది చూపించిందీ ఆమే. అందుకే ఆ అనుమానం అరికాల్లో ముల్లులా నడిచినప్పుడల్లా గుచ్చుతోంది. తియ్యాలంటే ఇంకా నొప్పి.

ఫైనల్ ముందురోజు మధ్యాహ్నం ఆడపడుచు ఎక్స్‌రే గది గౌన్ల మూట తెచ్చి బల్ల మీద పెట్టింది. అప్పుడే పిల్లల వార్డు మూట కూడా వచ్చింది. కోచమ్మ పిల్లల వార్డు మూటని అటు తిరిగి కూడా చూడకుండా వెనక తొట్లోకి విసిరేసింది. ఎక్స్‌రే గది మూటని మాత్రం విప్పి, ఒక్కొక్క గౌనూ వెలుతురుకి ఎత్తిపట్టి, మడతలూ నాడాలూ అన్నీ వెతికింది.

ఆడపడుచు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

“పెద్దొదినా, ఇంతకుముందు నా మూట కూడా చూడకుండానే విసిరేదానివి.”

“ఇంతకుముందు అన్నీ బాగానే ఉండేవి.”

“నేనొకటి చెప్తాను, కోప్పడకు. నువ్వు నన్ను నీళ్ళకి పంపావు చూడు, అక్కణ్ణుంచి నాకు మన బెంచీ కనపడదు. డిపో బెంచీ బాగా కనబడుతుంది. చిన్నొదిన మనవాళ్ళని చూడట్లేదు. నువ్వు చెప్పేది వినడానికీ చూడట్లేదు. నీ కళ్ళు చూస్తోంది.”

“నా కళ్ళల్లో ఏముంది?”

“ఇప్పుడు చేశావే, అదే. నువ్వు నమ్మినవాళ్ళ వంక చూడవు. అనుమానమున్నవాళ్ళనే గుచ్చి గుచ్చి చూస్తావు. మూటలైనా అంతే, మనుషులైనా అంతే. మొన్న టైమవుట్‌లో అందరి మొహాలూ చూసుంటావు, నిచ్చెన మొహం తప్ప. బంతి ఎవరికిస్తున్నావో వాళ్ళని ఎందుకు చూస్తావు, నమ్మకమేగా! చిన్నొదిన రెండేళ్ళు ఈ బల్ల దగ్గర నీ పక్కనే మూటలు విప్పింది. ఆవిడకి ఉప్పు ఎవరందించాలి? నువ్వే అందించావు.”

కోచమ్మ చేతిలో గౌను అలాగే ఉండిపోయింది. మొదటి ఆట గుర్తు చేసుకుంది. లిఫ్టమ్మ మొహం చూసిందా? లేదు. రెండో ఆట? గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడమే సాక్ష్యంలా అనిపించింది. నిజం ఎదురుగా వచ్చి నిలబడింది. అయినా పాత జబ్బు ఊరుకుంటుందా? ఆమె గౌను దించి, కళ్ళు చిన్నవి చేసి అడిగింది.

“ఈ మాట నాకు చెప్పమని నీకెవరు చెప్పారు?”

ఆడపడుచు మొహం ఇస్త్రీ పెట్టినట్టు ఒక్కసారిగా చదునైపోయింది.

“నీళ్ళ డ్రమ్ము చెప్పింది,” అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నుంచి మర్నాడు ఆట దాకా కోచమ్మ మనసు తక్కెడలా ఊగుతూనే ఉంది. పిల్ల చెప్పింది నిజమే అయ్యుండాలి. కానీ తోడికోడలే చెప్పించి పంపితే? “ఇక నుంచి నమ్మినవాళ్ళనే చూస్తుంది, అప్పుడు ఇంకా తేలిక” అనుకుని పంపితే? చూస్తే ఒక చిక్కు, చూడకపోతే ఒక చిక్కు. భర్త ఎంత పిలిచినా భోజనానికి లేవకుండా, అద్దం ముందు నిలబడి తన కళ్ళు తానే చూసుకుంది. అవి కూడా తననే అనుమానంగా చూశాయి.

ఫైనల్ సరిగ్గా అక్కడికే వచ్చింది. ఒక్క పాయింటు వెనక. ఏడు సెకన్లు. బంతి ఆసుపత్రిదే, పక్క గీత బయట నుంచి. కోచమ్మ టైమవుట్ అడిగింది. అలవాటుగా సీసాలందుకోబోయిన ఆడపడుచుని చెయ్యి పట్టుకుని ఆపింది.

“నీళ్ళొద్దు. ఇలా నిలబడు.”

తువ్వాలు ఎత్తింది. క్లిప్పులతో బల్ల మీద ఎన్నో ఏళ్ళుగా ఆడుకుని, ఎప్పుడూ వాడని ఎత్తొకటి ఉంది ఆమె దగ్గర. “బంతి నువ్వే లోపలికెయ్యి, నిచ్చెనకి,” అంది ఆడపడుచుతో. “నిచ్చెన చేతికి బంతి రాగానే ఇద్దరొచ్చి మీదపడతారు. ఆ రెండోది నీ దగ్గరుండాల్సిన పిల్లే. లోపలికి బంతి వేసేదాన్ని ఎవరూ పట్టించుకోరు. వెయ్యడంతో దాని పని అయిపోయిందనుకుంటారు. నువ్వు గీత దాటి నేరుగా రింగు కిందికి పరిగెత్తు. లిఫ్టమ్మ మధ్యలో గోడలా నిలబడుతుంది. నిచ్చెన నీకు బంతి తిరిగిస్తుంది. కొట్టు.”

అంతా బాగుంది. ఇక మిగిలింది చూపు. అవతల బెంచీ దగ్గర తోడికోడలు నడుం మీద చేతులు పెట్టుకుని, మెడ సాచి, ఇటే చూస్తోంది. కోచమ్మకి మొహం మీద ఆ చూపు తగులుతోంది. నిచ్చెనని చూడలేదు. లిఫ్టమ్మని చూడలేదు. మిగతా ఇద్దర్నీ ఒకసారి చూసి, ఆడపడుచు మొహంలోకి గుచ్చి చూసింది. అనుమానమున్న మనిషిని చూసినట్టు చూడాలనుకుంది. అలా నటించాలనుకుంది.

నటించాల్సిన అవసరమే రాలేదు. ఆ మొహంలోకి చూడగానే, ‘నిజంగా తోడికోడలు చెప్పించలేదు కదా?’ అన్న ముల్లు మళ్ళీ కదిలింది. ఆ ముల్లే కళ్ళల్లోకొచ్చింది. ఆడపడుచు ఆ చూపుని తప్పించుకోకుండా అలాగే భరించింది.

“నిచ్చెనా, లిఫ్టూ! వాళ్ళిద్దర్నీ వదలొద్దు!” అవతల నుంచి తోడికోడలి గొంతు ఖంగుమంది.

ఈల మోగింది. ఆడపడుచు బంతి వేసింది. నిచ్చెన రెండు చేతులూ ఎత్తి అందుకుంది. అనుకున్నట్టే ఇద్దరు ఆమె మీద పడ్డారు. ఆడపడుచు దగ్గరున్న పిల్ల బంతి చెయ్యి దాటగానే వెనక్కి కూడా చూడకుండా అటు పరిగెత్తింది. రింగు కింద నేల ఊడ్చిపెట్టినట్టు ఖాళీగా ఉంది. ఆడపడుచు అక్కడికెళ్ళేసరికి బంతి వచ్చి చేతిలో పడింది. రెండడుగులు, ఒక ఎగురు. బంతి వెనక పలకకి తగిలి, రింగు మీద కాస్త తటపటాయించి, లోపలికి జారింది. మిగిలిన సెకన్లలో డిపో వాళ్ళు ఆ చివర నుంచి విసిరిన బంతి ఎక్కడో జనంలో పడింది.

నర్సులూ ఆయాలూ కలిసి కోచమ్మని ఎత్తబోయారు. “దింపండే! నా నడుం ఆసుపత్రికి మాత్రమే ఇచ్చాను,” అని అరిచింది.

తోడికోడలు వచ్చి చేతులు పట్టుకుంది. “అక్కా, ఈసారి ఎవర్నీ నమ్మకుండానే గెలిచావే!” అంది. మెచ్చుకుందో, పొడిచిందో తెలియలేదు. కోచమ్మ దాన్ని మడిచి పెట్టుకుంది, తర్వాత విప్పి చూసుకోవచ్చని.

ఆడపడుచు చివర్లో వచ్చింది. మెడమీది చెమట తుడుచుకుంటూ, మెల్లగా అడిగింది. “పెద్దొదినా, ఆ చూపు నటనేగా?”

అవునంటే ఒక్క మాటతో పోయేది. కోచమ్మ తువ్వాలుని రెండుగా మడిచింది, నాలుగుగా మడిచింది. “షాట్ బాగా కొట్టావ్,” అంది చివరికి.

ఆడపడుచు తలూపి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ప్రాక్టీసుకి రాలేదు. ఆదివారం పొద్దున కంచం వేసి పెట్టారు, రాలేదు. ఎక్స్‌రే గది మూట వేరే ఆయాతో వస్తోంది. గెలిచిన కప్పు బట్టల గదిలో సబ్బుపెట్టెల పక్కన ఉంది.

కోచమ్మ బల్ల మీది క్లిప్పులన్నీ ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసింది. కిటికీ గొళ్ళెం తనే తీసింది. బయట పెరట్లో జట్టు పిల్లలు బంతి కొడుతున్న చప్పుడు వినిపించింది. కాసేపు అటు చూసి, ఇంతసేపూ బల్ల ముందు కూర్చుని తన మాటలు విన్న మనిషి వైపు తిరిగింది. ఈసారి కళ్ళల్లోకి కాకుండా, భుజం పక్కనుంచి ఎక్కడికో చూస్తూ మాట్లాడింది.

“నువ్వు ఇంటికెళ్ళేది వెనక వీధి మీదుగానేగా? మందుల దుకాణం పక్కన మెట్లున్నాయే, ఎక్కగానే మొదటి గది మా ఆడపడుచుదే. తలుపు కొట్టు. సాయంత్రం ప్రాక్టీసుందని చెప్పు. నేనే రమ్మన్నానని చెప్పు, తప్పించి చెప్పకు. వచ్చే ఆటలో టైమవుట్‌లో ఎత్తు అదే చెప్తుందట, నేను నీళ్ళు మోస్తానట, ఆ మాట కూడా చెప్పు. ఇంకొకటి, విను. గుమ్మం దగ్గర మా తోడికోడలి చెప్పులు కనిపించాయనుకో... ఎర్ర పట్టీలవి, మడమ దగ్గర అరిగినవి... కనిపించినా సరే, వెనక్కొచ్చి నాకు మాత్రం చెప్పకు. వెళ్ళు, పొద్దుపోతోంది.”